గాలికి మాత్రమే

ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవు రేడియో గదిలో కూర్చుని
రోజుకి నాలుగుసార్లు చదివాను ఆ మాట:
నైరుతి గాలి, ఐదు,
సాయంత్రానికి ఫ్రెషెన్ అవుతుంది.
చదివి, మైకు కట్టేసి, గళ్ళనుడికట్టు పూరించుకునేవాణ్ణి.
అవతల పడవలవాళ్ళు వలలు లాగడం మొదలెట్టేవాళ్ళు.

ఇప్పుడు మంగళవారాలు సింబిస్టర్ హాల్లో
చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నాను.
నలుగురు. హీటరు ఒకటే.
ఎంత తోమినా వాళ్ళ గోళ్ళ కింద ఒక పొలుసు మెరుస్తుంది.

లాత్వియా నుంచి వచ్చిన దైగా అడిగింది:
ఫ్రెష్ అంటే తాజా కదా,
పెట్టెల మీద మేం అతికించేది అదే.
గాలి తాజా అవడమేంటి?
నిన్నటిది పాచిపోయిందా?

నవ్వాను. ఆపై నవ్వు ఆగింది.
మొహం కడుక్కొస్తే ఫ్రెషెన్.
సగమైన గ్లాసులో ఇంకాస్త విస్కీ వంచితే ఫ్రెషెన్.
అమెరికాలో ఆవు ఈని పాలు చేపినా అదేనట,
మా బావ చెప్పాడు, వాడి మాట సగమే నమ్మాలి.
గాలికైతే, బలం పుంజుకోవడం.
ఎక్కణ్ణుంచో తెచ్చుకున్న బలం కాదు,
ఉన్నదే లేచి నిలబడటం.
వాక్యం రాసి తెమ్మన్నాను.

మళ్ళీ మంగళవారం తెచ్చింది:
నాన్న పోయిన చలికాలం మా అమ్మ ఫ్రెషెన్ అయింది.
కట్టెలు తనే కొట్టింది. ట్రాక్టరు అమ్మనివ్వలేదు.
మార్చికల్లా పక్కింటాయన
తన గొడ్డలి తిరిగి అడగడానికి జంకాడు.

ఎర్ర పెన్ను మూత తీశాను.
మనుషులకి వాడం. గాలికి మాత్రమే.
రాయాల్సింది అదే.

మా అన్న పడవ తిరిగి రాని రోజు కూడా
ఆ మాట చదివింది నేనే, ఇదే గొంతుతో.
ఆ ఏడు మా వదిన రోడా
రొట్టెల వ్యాను నడపడం నేర్చుకుంది.
మంచులో, చీకట్లో, తలుపు తలుపుకీ.
దాన్నేమనాలో దీవిలో ఎవరికీ మాట చిక్కలేదు.
బానే ఉంది, అనేవాళ్ళం.
బానే ఉంది, అని తల దించుకుని రొట్టె అందుకునేవాళ్ళం.

గొడ్డలిలో ఒక అక్షరం తప్పుంది.
అది దిద్దాను. పెన్ను మూసేశాను.

బయట జెండాతాడు స్తంభానికి కొట్టుకుంటోంది.
దైగా పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది:
ఐదు.
కాసేపు చెవొగ్గి విన్నాను.
ఆరు, అన్నాను.