అగ్గువ అగ్గి

ఆటోనగర్ల మా కొట్టు షట్టరు
సగమే లేస్తది, వంగి లోపలికి రావాలె.
ఆ పొద్దు సారంగపాణి సారు వంగలే.
బయటే నిలబడి చెయ్యి చాపిండు.
అరచేతిల నాలుగు ప్లగ్గులు,
బొగ్గుపొడి తోమి కడుక్కోని పండ్లలెక్క.

కాజీపేట షెడ్డుల ముప్పైరెండేండ్లు
డీజిలింజన్లకు వైద్యం చేసిన మనిషి.
రిటైరైనంక వచ్చిన పైసల్ల సగం
రెండు తలుపుల పసుపుపచ్చ కారుకు పోసిండు.
దానికి పిస్టన్లే ఉండయంట.
కౌసల్యమ్మ దాన్ని సవితి అనే పిలుస్తది.

"పిస్టన్ లేకుంట ఎట్ల నడుస్తది సారూ?" అన్న.
ఇరానీ హోటలు నుంచి చిన్న సమోస తెప్పిచ్చి
బిల్లుబుక్కు ఎనక పల్లికాయ గీసిండు.
"ఈ పల్లికాయ గూట్ల ఈ సమోస
మూడంచులు గోడకు రాసుకుంట తిరుగుతది.
కిందికీ మీదికీ కొట్టుకునుడు లేదు బిడ్డా,
తిరుగుడే."
బొమ్మ అయిపోయినంక సమోస తిన్నడు.
కాయితం మీద నూనె మరక మిగిలింది.
ఆ ఇంజను రోగం గూడ గదే:
నూనె తాగుతది,
తాగింది ప్లగ్గుల మీద కక్కుతది.

యాకూబన్న ఒక్కొక్కదాన్ని ఎండకు పట్టి చూసిండు.
రెండు తడి నలుపు, రెండు పొడి నలుపు.
"కిందివి ముందుగాల అంటుకుంటయి, బరువంత వాటిదే.
మీదివి ఎనక నుంచి అందుకుంటయి,
ఒగ్గుకథల వంత పాడేటోళ్ల లెక్క."

నేను బల్ల మీద మూడు డబ్బలు పెట్టిన.
ఇరీడియంది, ఒక్కటి రెండువేల ఎనిమిది వందలు.
సారు పెదవులు కదిలినయి,
నాలుగుతోని హెచ్చవేసి ఆగినయి.
బంగారు రంగు డబ్బ, నూటిరవై.
కంపెనీ పేర్ల ఒక అక్షరం తప్పు.
అది నేను అమ్ముతనే ఉన్న, సిగ్గుపడుకుంటనే.
మూడోది ఉత్త నికెల్‌ది, నాలుగు వందల అరవై,
పట్నం నుంచి బస్సు పార్సిల్ల వచ్చింది,
అట్ట ఒక మూల నలిగింది.

సారు వేలు బంగారు డబ్బ దిక్కు పోయింది.
"మర చుట్లు సరిపోతయి గద?"
"సరిపోతయి సారూ," అన్నడు యాకూబన్న,
"ముక్కే పొడుగు.
తిరిగే అంచు వచ్చి దాన్ని తన్నుతది.
నూటిరవై మిగులుతది, ఇంజను పోతది."
"మరి పిరందే ఏస్తె?"
"దాన్ని గూడ గిట్లనే మసి చేస్తది.
మసికి ధర తెల్వదు సారూ.
పోయిననాడు ఏడుపు రానిదే అగ్గువ."

కిందికి ఏడో నెంబరు, మీదికి తొమ్మిది.
మార్చితె కొంపలంటుకుంటయని
డబ్బల మీద స్కెచ్చు పెన్నుతోని రాసిన.
పద్దెనిమిది వందల నలభై అయితె
సారు యాభై ఇచ్చిండు.
పది రూపాయలు వాపసు తీసుకోలే,
సమోస కింద జమ అన్నడు.

మొదటి తాళానికి తెల్లపొగ.
రెండోసారి ఏం లేదు,
మిర్చి బస్తాల లారీ ఒకటి
ఎనుమాముల దిక్కు పోయిన చప్పుడు తప్ప.
మూడోసారి
సెగ తగలని డప్పులెక్క బొదబొదమన్నది,
తర్వాత తోలు బిగిసింది.
పక్క కొట్ల పంచరోళ్లు టైరు ఇడిసిపెట్టి వచ్చిండ్రు.
సారు బానెట్ మీద చెయ్యి పెట్టి
షెడ్డుల నిలబడ్డట్టే నిలబడ్డడు.

మార్చే తారీకు నోటుబుక్కుల పెన్సిల్‌తోని రాసుకున్న.

మూడు నెలలకు మళ్ల వచ్చింది బండి.
పక్క సీట్ల కౌసల్యమ్మ,
మోకాళ్లు గదవ దాక, ఒళ్లె వంకాయల సంచి.
"ఎంతయితది ఈసారి?" అని నన్నే అడిగింది.
చెప్పిన.
"గంతేనా? నా గాజులకన్న అగ్గువనే సవితి."

యాకూబన్న విప్పిన ప్లగ్గును ఎండకు పట్టిండు.
అంచు మీద జెర మసి,
నడిమిట్ల చాయ్ రంగు.
ఏమీ అనలే.
పాతవి నాలుగూ ఆమె అడిగి తీసుకున్నది,
కొంగుల ముడేసుకున్నది.
ఎందుకని నేనడగలే.