రెండువందల జల్లెడ

ఇబ్రహీంపట్నం. ఆశ్లేష కార్తె వాన. రాత్రి షిఫ్టు.
బెల్టు మీద సింగరేణి బొగ్గు
చెరువులోంచి లేచిన గేదెలా
నీళ్లోడుతూ కదులుతోంది.

మూడో మిల్లు పొడి యాభై గ్రాములు
జల్లెడలో పోశాను.
అంగుళానికి రెండువందల కన్నులు.
ఏది దిగింది, ఏది మిగిలింది,
తూచి రాయడమే నా జీతం.

ఏసుపాదం గారు గుమ్మంలోనే బూట్లు విడిచారు.
ల్యాబంటే ఆయనకి చర్చి లెక్క.
చిటికెడు తీసి బొటనవేలితో రాసి చూసి
"బరక్కుందమ్మా, అరవై కూడా దిగదు" అన్నారు.
తూచాను.
యాభై తొమ్మిది పాయింటు ఎనిమిది.

"జగ్గయ్యపేట సిమెంటులో గుండ్ల మిల్లుండేది.
ఇనప గుండ్లు ఎగిరెగిరి పడేవి.
ఆ దెబ్బకి బొగ్గు పలుకుపలుకుగా చిట్లి
ప్రతి అంచూ కోపంగా ఉండేది.
వేడి సోకితే చాలు, భగ్గుమనేది.
ఇక్కడ రోలరుది నలుపుడు.
అణిగి, మణిగి, బుద్ధిగా వస్తుంది పొడి.
బుద్ధిమంతులకి మంట ఆలస్యం."

నాకు గుంటూరులో మా మేనత్త నాగరత్తమ్మ గుర్తొచ్చింది.
మిర్చి యార్డు వెనక
మూడు రోకళ్ల మధ్య ఆవిడ ముక్కుకి గుడ్డ.
మర కారాన్ని ఆవిడ కారమనేది కాదు,
"ఎర్ర పిండి" అనేది.
ఈ మాట చెబుదామనుకునేలోగా ఫోను.

రెండో మూల మంట ఊగుతోందట.
స్కానరు కన్ను మూసి తెరుస్తోందట.
ఆయిలు గన్నులు పెట్టారు.
లీటరు ధర తలుచుకుని కాబోలు
షిఫ్టు ఇంజనీరు గొంతు సన్నబడింది.

ఏసుపాదం గారు వెళ్లి
క్లాసిఫయరు రెక్కలు రెండు గీతలు మూశారు.
లావు పలుకులు మళ్లీ గిన్నెలోకే,
మళ్లీ రోలరు కిందికే.
మరీ మెత్తగా చేయకూడదు,
మిల్లులోనే అంటుకుంటుంది.
ఆయన ఎడమ చెవి వెనక మచ్చకి ఆ సంగతి తెలుసు.

నాలుగింటికి నీలం అద్దంలోంచి చూశాను.
ఇందాక బర్నరు నోటికి బారెడు దూరంలో
ఎక్కడ మొదలవాలో తెలియక తచ్చాడిన మంట
ఇప్పుడు పెదవి దగ్గరే పుడుతోంది.

రెండో శాంపిలు, అరవై ఎనిమిది.
డెబ్బై అని వేసేయమన్నారు.
అరవై ఎనిమిదే వేశాను.

కుంచెతో జల్లెడ దులుపుతుంటే
కన్నుల్లో ఇరుక్కున్న నాలుగు పలుకులు,
దిగినవీ కావు, మిగిలినవీ కావు.
ఏ లెక్కలో రాయాలో
పదకొండేళ్లయినా ఎవరూ చెప్పలేదు.
బల్ల అంచుకి కొట్టాను.
రాలలేదు.