మతం అన్న గడి

సంగడిగుంటలో మూడో సందు, నీలి తలుపు.
కుల ధ్రువపత్రం విచారణకి వెళ్లాను.
దరఖాస్తులో తల్లి పేరు పోలేరమ్మ.
పక్కింటి పిల్ల "ఎస్తేరత్తా!" అని కేకేసి
నన్ను చూసి నాలిక కరుచుకుంది.

గోడ సున్నం అంతా మాసింది,
ఒక్కచోట తప్ప.
అక్కడ నిలువుగా ఒక తెలుపు, అడ్డంగా ఒక తెలుపు.
మేకు ఇంకా ఉంది.

ఇరవై అయిదో అధికరణం
ఉద్యోగ పరీక్షకి బట్టీ పట్టినవాణ్ణి.
అంతరాత్మ స్వేచ్ఛ,
శాంతిభద్రతలకు లోబడి, నీతికి లోబడి, ఆరోగ్యానికి లోబడి.
ఈ మేకుకి లోబడి అని ఎక్కడా చదవలేదు.

"ఏ దేవుడికి దణ్ణం పెడతారు?"
యార్డులో తొడిమలు తీసిన వేళ్లు
కొంగులో దాచుకుని అంది:
"మిర్చి ఘాటుకి కళ్లు మూసే ఉంటాయి సారూ,
లోపల ఎవరున్నారో మీకెట్టా కనపడుద్ది?"

"మీ ఆయన్ని కాల్చారా, పూడ్చారా?"
"మావాళ్లని పూడ్చే చోటే పూడ్చాం.
దేవుడు మారితే
శ్మశానం మారుద్దా?"

టీ ఇచ్చింది. కొత్త స్టీలు గ్లాసు,
స్టిక్కరు కూడా పీకలేదు.
నాకోసమే కొన్నట్టుంది.
తాగాను.

ఆఫీసులో, మతం అన్న గడి దగ్గర
పెన్ను రెండుసార్లు విదిలించాను.
సిరా ఉంది.