తేట

కొత్తపేటలో మా ల్యాబు మెట్లు
ఆరున్నరకే పరగడుపు మనుషులతో నిండిపోతాయి.
కాఫీ తాగొచ్చి తాగలేదనేవాళ్ళను
వాసనతో పట్టేస్తాను.

సువార్త తాగలేదు. పంతొమ్మిదేళ్ళు.
చున్నీ ముక్కు మీదిదాకా బిగించింది.
మే నెల గుంటూరులో ఆడపిల్లలందరూ అలాగే కడతారు,
ఎండాకాలం కలిసొచ్చింది ఈ పిల్లకొక్కదానికే.

పట్నం బజారు చీరల కొట్లో
మడతలు విప్పి చూపించే చోటు నుంచి
వెనక గోడౌన్‌లో ధరల చీటీలు అంటించే చోటికి మార్చారట.
"అక్కడ ఫ్యాను కూడా ఉందండీ" అంది,
నేనేమీ అడక్కుండానే.

వాళ్ళమ్మ ఎస్తేరమ్మ యార్డులో తొడిమలు తీస్తుంది.
ఆమె పక్కన నిలబడితే నాకు తుమ్ములు.
"పిల్లకి వేడి చేసిందండీ.
సబ్జా నానేసిచ్చా, గంధం రాశా,
కారం మానమంటే మానదు."
మిరపకాయ అన్నం పెట్టే ఊళ్ళో
ప్రతి రోగానికీ మిరపకాయదే నేరం.

డాక్టరమ్మ మాట వేరు:
లోపల వాపుంది, మొటిమ దాని పొగ.
ఆ మాత్ర పొగ ఆపుతుంది గానీ
ఒక్కోసారి నెత్తుట్లో కొవ్వు లేపుతుంది,
ముందే చూసుకోవాలి.

మిషను ఆగింది. ట్యూబు కిటికీకి ఎత్తి పట్టాను.
గడ్డిరంగు తేట ఉండాల్సిన చోట
బియ్యం కడిగిన నీళ్ళు.
కాగితం తిరిగొచ్చింది: రేపు అమ్మది కూడా తీయండి.

ఎస్తేరమ్మ నవ్వింది. "నాకేమైందండీ, నా మొహం చూడండి!"
చూశాను.
తోమిన చెంబులా ఉంది, మచ్చన్నది లేదు.
నరం ఒక్క పోటుకే దొరికింది.
మిషను తిరిగింది, ఆగింది.
పైన సగం ట్యూబు పాలు.

అంకెలు చెప్పడం నా పని కాదు.
నా బుగ్గల మీద గుంటలున్నాయి, పాతవి.
నా పంతొమ్మిదో ఏట మా ఇంట్లో
రెండో సిరంజి ఎవరూ విప్పలేదు.
నాన్న అప్పటికి బాగానే ఉన్నాడు,
నున్నటి మొహంతో.

"అది అమ్మదా?" అంది సువార్త.
తలూపాను.
మెట్ల మీద ఎస్తేరమ్మకి కళ్ళు తిరిగాయి, తిండి లేక.
పిల్ల చున్నీ విప్పేసి
వాళ్ళమ్మ నుదురు తుడిచింది,
మొహమంతా ఎర్రగా, వెలుగులో,
అంతమంది మధ్య.

"అంతా వేడేనండీ" అంది ఎస్తేరమ్మ కళ్ళు మూసుకునే.
ఈసారి నేను కాదనలేదు.