మూడు రెక్కల తలుపు

అద్దాల కింద నా వేళ్లు అరటిపళ్లంత లావు.
సూది మాత్రం సూదిలాగే ఉంటుంది.
దారం వెంట్రుకలో సగం.
ఉదయం రెండో కప్పు కాఫీ తాగితే
ఆ రోజు కుట్టు కుదరదు.
కాఫీ తోటల మధ్య పుట్టి కాఫీ మానేసినదాన్ని,
ఎరేదియా ఊరి చివర తెల్లగోడల ఫ్యాక్టరీలో
పదకొండో బల్ల. పేరు యోర్లెని.

మేం కుట్టేవి గుండె తలుపులు.
ఆవు గుండె చుట్టూ ఉండే పల్చని సంచిలోంచి
మూడు రెక్కలు కత్తిరించి, మూడు కాళ్ల చట్రానికి బిగించి,
అంచుకి అంచు తగిలేలా,
ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా.
వెయ్యికి పైగా కుట్లు.
నిన్న తొమ్మిది వందల ఇరవయ్యోది వదులైందని
మారిట్సా తిప్పి పంపింది.
విప్పి కుట్టడం ఇక్కడ లేదు. పారెయ్యడమే.
మధ్యాహ్నం అన్నం సహించలేదు.

చేరిన మొదటి వారం ప్లాస్టిక్ గుండె ఒకటి చేతికిచ్చారు,
మామిడిపండులా రెండు చెక్కలయ్యేది.
ఎవరి పిడికిలంత వాళ్ల గుండె అన్నారు.
బిగించి చూసుకున్నాను: ఇంతేనా!
పైన రెండు గదులు, కింద రెండు.
మధ్యగోడకి కిటికీ లేదు,
పాలు పంచుకున్న అన్నదమ్ముల్లా
కుడివాటాకీ ఎడమవాటాకీ మాటల్లేవు.
ఒళ్లంతా తిరిగి నల్లబడ్డ రక్తం
కుడి పైగదిలో దిగి, కింది గదిలోకి జారి,
ఊపిరితిత్తుల దాకా వెళ్లి గాలి పూసుకుని
ఎర్రగా ఎడమ వాటాకొస్తుంది.
అక్కడ కింది గది గోడ మూడింతలు మందం.
నడినెత్తి నుంచి అరికాలి దాకా నెట్టాల్సింది అదే మరి.
తలుపులన్నీ ఒకవైపే తెరుచుకుంటాయి.
కాపలావాడెవడూ లేడు.
రక్తం తోస్తే తెరుచుకుంటాయి,
వెనక్కి తిరగబోతే ఆ రక్తమే వాటిని మూసేస్తుంది.

లబ్ డబ్ అంటామే,
అది తలుపులు మూసుకునే చప్పుడట.

వినగానే మా తాత బండి గుర్తొచ్చింది.
డోన్ ఎలాదియో. సార్చీ కొండదారుల్లో
కాఫీ బస్తాలు దింపిన నారింజరంగు చక్రాలు.
ఒక్కో బండికి ఒక్కో గొంతు ఉండేది.
ఇరుసుకి చెక్క తగిలే టకటక విని
అవ్వ వంటింట్లోంచే చెప్పేది:
"అది రాఫాది. అదీ కాదు.
ఆ, ఇది మీ తాతది. నీళ్లు పెట్టు."

ఆ తాత కిందటేడు చర్చి మెట్ల మీద ఆగిపోయాడు,
ఎద్దు మొరాయించినట్టు.
డాక్టరమ్మ గొట్టం నా చెవిలో పెట్టింది.
డబ్ వినపడలేదు. ఇసుకలో ఈడుస్తున్న చక్రం.
సున్నం పేరుకుని తలుపు సగమే తెరుచుకుంటోందట.

ఆ తలుపు పైనే రెండు సన్నని కాలువలుంటాయి.
నాలుగు గదుల నిండా రక్తమే అయినా
గుండె అందులోంచి దోసెడు తాగదు.
అందరికీ పంపి, ఒళ్లు సడలించిన అరక్షణంలో
ఆ కాలువల్లోంచి తన ముద్ద తను తింటుంది.
తలుపు చెడితే ముందు పస్తుండేది అదే.

"కొత్తది ఆవుదా?" అడిగాడు.
"ఎద్దుదైనా కావచ్చు."
చాలాసేపు కిటికీ వైపు చూశాడు.
"నలభై ఏళ్లు తోలాను వాటిని. ముల్లుకర్రతో పొడిచాను కూడా.
ఇంకా లాగుతానంటోందా?"

నేను కుట్టిందేనా అని అడగకూడదు.
పెట్టెల మీద పేర్లుండవు, అంకెలే.

ఇంటికొచ్చిన పదో రాత్రి, వాన వెలిశాక,
గాయం తగలకుండా ఆయన రొమ్ము మీద చెవి ఆన్చాను.
లబ్. డబ్.
ఊపిరి బిగబట్టి మళ్లీ విన్నాను,
ఎవరి బండో గుర్తుపడదామని.

"నీ తల ఎద్దు తలంత బరువుంది,"
అన్నాడు చీకట్లో, "తియ్యి.
నిద్రపోవాలి."