బూడిద దారి

ఒడీలియా పెరట్లో పదకొండు చోట్ల
ఇనప గొట్టం దింపాను.
పదకొండు సంచుల మట్టి, పదకొండు అంకెలు.
ఒక్క అంకె కూడా ఆవిడ బంగాళాదుంపల గురించి
మంచి మాట చెప్పలేదు.

"ఎంత లోతు తవ్వుతారు?"
"డెబ్బై సెంటీమీటర్లు."
మోకాలి పైన, గౌను మీద
అడ్డంగా చెయ్యి పెట్టి చూసుకుంది.
"ఇంతా?"

బెల్జియం తూర్పు కొసన
జింకు కొలిమి మండిన రోజుల్లో
ఫ్యాక్టరీవాళ్ళు బూడిద ఊరికే ఇచ్చేవాళ్ళట,
ఎవరికెంత కావాలంటే అంత.
లాంబెర్ట్ ప్రతి శనివారం డ్యూటీ దిగి
తోపుడుబండి నిండా తెచ్చి
గేటు నుంచి వంటింటి గుమ్మం దాకా పరిచాడు,
కొత్త పెళ్ళాం కాళ్ళకి
బురద అంటకూడదని.

తర్వాత యాభై రెండేళ్ళ వాన.
ఇంగువ కట్టిన గుడ్డ లాంటిది నేల.
కట్టినవాడు పోయాడు.
సీసం, కాడ్మియం
వేళ్ళంత లోతున కాపురం పెట్టాయి.

మార్చిలో యంత్రం వచ్చింది.
ముందు దారి పోయింది,
తర్వాత గూస్‌బెర్రీ పొద, కోళ్ళగూడు కింది చతురస్రం.
లారీల మీద టార్పాలిన్లు బిగించి కట్టారు,
రోడ్డు మీద రేణువు రాలినా జరిమానా.
లాంబెర్ట్ బండికి
ఏ టార్పాలినూ ఉండేది కాదు.

దారి అంచున పసుపు వయొలెట్లు ఉండేవి.
జింకు లేని మట్టిలో బతకలేవవి.
పాత కొలిమి పక్కన గదంత జాగా
శుభ్రం చెయ్యకుండా వదిలేశాం, వాటి కోసం,
చుట్టూ కంచె వేసి.
మిగతా స్థలంలో బడి కడతారు.
నాలుగు మొక్కలు నా టిఫిన్ డబ్బాలో పెట్టి
నేనే తీసుకెళ్ళి నాటాను.
రెండు బతికాయి.
ఆ సంగతి రిపోర్టులో రాయలేదు.

కొత్త మట్టి ఎక్కడిదని అడిగింది ఒడీలియా.
కాగితం చూసి చెప్పాను,
ఎవరిదో బీట్‌రూట్ పొలం.
పిడికెడు తీసి వాసన చూసి
"దీనికి నేనెవరో తెలీదు" అంది.

మే నెలలో ఆఫీసుకి ఫోన్ చేసింది.
మూడు రోజులుగా వానట.
"మీ మంచి మట్టి
నా వంటింట్లోకి నడిచొస్తోంది.
పెళ్ళయ్యాక మొదటిసారి
గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను."

ఫిర్యాదుల కాలమ్‌లో ఏం రాయాలో తోచక
బురద, అని రాశాను.
ఆవిడ ఇంకా ఫోన్ పెట్టలేదు.
కంకర పంపిస్తాం, అన్నాను.
"ఎవరు పరుస్తారు?"