వెల్లకిలా

హనోకు దాన్ని డబ్బాలో తెచ్చినప్పుడు
చెక్కపొట్టు మీద చుట్టుకుని ఉంది,
మిరపకాయ బజ్జీ అంత లావున.
పేరు కూడా అదే పెట్టాడు, బజ్జీ అని.
"పందిముక్కు పాము పిన్నీ, ఏం చెయ్యదు."
ఏం చెయ్యనిదాన్ని ఎనిమిది వేలు పోసి ఎవడు కొంటాడ్రా అన్నాను.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్ళ డ్యూటీ నాది.
మిరపతోటల నుంచి ఆటోల్లో వచ్చే కాళ్ళు చూశాను,
మోకాలి దాకా ఉబ్బి, పైన ఎవరిదో తువ్వాలు బిగించి.
మూత తీసీ తియ్యకముందే అది మెడ చపాతీలా పరిచి
కుక్కరు కూసినట్టు బుస్సుమంటే
నా చేతిలో కాఫీ గ్లాసు గోడకు తగిలింది.

కాటుకొచ్చింది. నోరు మూసుకునే వచ్చింది.
ముక్కుతో పొడిచింది, అంతే.
రాత్రిపూట వార్డులో పేషెంటు తాలూకు జనం మీద
"బయటికి నడవండి" అని నేనరిచే అరుపు గుర్తొచ్చింది.
ఆ అరుపులోనూ పళ్ళుండవు.

హనోకు బెదరలేదు.
అది చూసి వెల్లకిలా పడింది.
మెలికలు తిరిగి, నోరు తెరిచి, నాలుక వేలాడేసి,
నిన్నటి చేపల బుట్ట తెరిచినట్టు కంపు కొట్టి
చచ్చిపోయింది.
ఎంత బాగా చచ్చిపోయిందంటే
నా మూడు వేళ్ళూ వాటంతటవే నాడి వెతికాయి.
పాముకి మణికట్టెక్కడ?

వాడు దాన్ని మెల్లగా బోర్లా తిప్పాడు.
చటుక్కున మళ్ళీ వెల్లకిలా.
మళ్ళీ తిప్పాడు. మళ్ళీ వెల్లకిలా.
నవ్వాపుకోలేక తలుపు పట్టుకున్నాను.
నేను గుడ్డ కప్పినవాళ్ళెవరికీ
ఎటు తిప్పినా పట్టింపు లేదు.
చచ్చానని ఇంత పట్టుబట్టేది బతికున్నదే.

మేం అవతలికెళ్ళాక సందులోంచి చూశాను:
ముందు తల, తర్వాత నాలుక,
గాలిని రెండుసార్లు రుచి చూసి
ఏమీ జరగనట్టు పొట్టులోకి దూరింది.

జూన్‌లో ఫలితాలొచ్చాయి.
"సీటు నాదే, రాసిపెట్టుకోండి" అని
బ్రాడీపేట నాలుగో లైనంతా మెడ విప్పుకుని తిరిగినవాడు
మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.
కంచంలో అన్నం ఎండిపోయింది.
మా అక్క గుమ్మంలో నిలబడి ప్రార్థన చేస్తోంది,
మధ్యమధ్యలో తిడుతోంది.
భుజం పట్టి ఇటు తిప్పాను.
చటుక్కున గోడవైపు.
మళ్ళీ తిప్పాను.
మళ్ళీ గోడ.

పొద్దుటి నుంచీ గొంతులో అడ్డుపడ్డ భయం
అప్పుడు దిగింది నాకు.
మూడోసారి తిప్పలేదు.
అక్కని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.
"వాడికేమైందే" అంది. "ఏం కాలేదు, చూడకు" అన్నాను.
ఫ్రిజ్జులో కొరమీను ముక్కల పక్కన
కవర్లో గడ్డకట్టిన ఎలుకపిల్ల ఒకటి తీసి
గోరువెచ్చటి నీళ్ళలో వేశాను.
ఇవాళ బజ్జీకి తిండి రోజు, వాడు మర్చిపోయాడు.

తలుపు బెత్తెడు తెరిచే ఉంచాను.
అరగంటకి మంచం కిర్రుమంది.
వెనక్కి తిరగలేదు.